పన్ను కట్టేవాడి కోపం

2023 డిసెంబరు ఆఖరి వారంలో ఆంధ్రప్రదేశ్ పురపాలక పారిశుధ్య కార్మికులు సమ్మెలోకి దిగారు. 2024 జనవరి రెండో వారం దాకా, రెండు వారాలకు పైగా, ఆ సమ్మె సాగింది. మా వీధి మొదట్లో చెత్త నడుమెత్తున పేరుకున్నది. కుక్కలు సంచులు చింపి నడిరోడ్డుకు ఈడ్చాయి. ముక్కు మూసుకోకుండా ఎవరూ ఇల్లు దాటలేని స్థితి. అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం, మా వీధి ఊడ్చే ఆమె సమ్మె శిబిరం నుంచి ఇంటికి పోతూ ఎదురుపడింది. పదేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. నేను ఆమెను ఆపి ఒక మాట అన్నాను.

"మా పన్నులతో జీతాలు తీసుకుంటూ మమ్మల్నే ఇట్లా కంపులో కూర్చోబెడతారా?"

ఆమె కోపగించుకోలేదు. "పన్ను మేమూ కడుతున్నామండి మాస్టారూ. ఇంటిపన్ను పెరిగిందని ఓనరుగారు మాకు అద్దె పెంచలేదా? అందులో లేదా పన్ను?" అన్నది. రెండడుగులు వేసి మళ్ళీ ఆగి, "మా వాడు ఈ వీధి లైబ్రరీలోనే గదండీ పరీక్షలకు చదువుకునేది. అక్కడ పేపర్లు గూడా తగ్గించేశారంట. అది ఎవరు సమ్మె చేస్తే జరిగిందండీ?" అన్నది.

నా దగ్గర జవాబు లేకపోయింది. ముప్ఫై ఏళ్ళుగా విద్యార్థులకు శ్రమ విలువ గురించి పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ సమ్మెను బలపరుస్తూ ఉపాధ్యాయ సంఘం ఇచ్చిన ప్రకటన మీద నా సంతకం కూడా ఉన్నది. అయినా ఆ మాట నా నోటనే వచ్చింది, అదీ ఆలోచించి వెతుక్కోకుండా, సిద్ధంగా ఉన్న మాటలాగా వచ్చింది. సిద్ధంగా ఉన్న మాటల్ని అనుమానించటం మన పని. అందుకని ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని నాలుగు సంగతులు ఆలోచించదలిచాను.

మొదట ఒక విషయం ఒప్పుకోవాలి. పన్ను కట్టేవాడి కోపం ఉత్త దురాశ అని కొట్టిపారేయటానికి వీల్లేదు. ఆ కోపానికి ఆధారం ఉన్నది.

2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆస్తిపన్ను పద్ధతిని మార్చింది. అంతవరకు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో అంచనా వేసి దాని మీద పన్ను కట్టేవారు. కొత్త పద్ధతిలో ఆస్తి విలువ మీదనే పన్ను. నివాసాలకు విలువలో నూటికి 0.10 నుంచి 0.50 దాకా రేటు. ఏడాదికి నూటికి 15కు మించి పెంచకూడదని ఒక హద్దు పెట్టారు. ఉద్యోగి జీతం అట్లా పెరగదు, చిన్న వర్తకుడి లాభం అట్లా పెరగదు. ఇంటిపన్ను మాత్రం ఏడాదికేడాది మెట్లెక్కుతుంది. ఇల్లు అమ్ముకుంటే గాని చేతికి రాని విలువ మీద, ఇల్లు అమ్ముకోని మనిషి డబ్బు కట్టాలి. ఇది చాలదన్నట్టు 2021 అక్టోబరు నుంచి చెత్త సేకరణకు వేరే రుసుము వచ్చింది. పెద్ద నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60. చెత్త ఎత్తటం పురపాలక సంఘానికి పుట్టుకతో వచ్చిన పని. దాని కోసమే గదా ఇంటిపన్ను కడుతున్నాం, మళ్ళీ ఇదేమిటి అని జనం అడిగారు. అడగటంలో తప్పేమీ లేదు.

ఇక గ్రంథాలయం సంగతి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అది పురపాలక సంఘం డబ్బు కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పజెప్పవలసిన డబ్బు. అప్పజెప్పకుండా ఏళ్ళ తరబడి బకాయి పెట్టటం తెలుగునాట పాత జబ్బు. మన దగ్గర రసీదు ఉన్నది. గ్రంథాలయంలో పుస్తకం లేదు. మా వీధి గ్రంథాలయంలో పత్రికల సంఖ్య తగ్గింది, తెరిచే వేళలు తగ్గాయి. ఆ తగ్గింపుకు ఏ కార్మికుడి సమ్మె కారణం? ఆమె అడిగిన ప్రశ్న ఇదే.

కనక కోపం న్యాయమైనదే. అయితే న్యాయమైన కోపం కూడా తప్పుడు భాషలో మాట్లాడవచ్చు. అప్పుడది తప్పుడు మనిషి మీదికి పోతుంది. "మా పన్నులతో జీతాలు తీసుకుంటూ" అనే మాటలో ఏం దాగి ఉన్నదో విప్పి చూడాలి.

ఆ మాటలో ఉన్నది కొనుగోలుదారు భాష. నేను డబ్బు ఇచ్చాను, నువ్వు సరుకు ఇవ్వాలి. సరుకు రాలేదు గనక నువ్వు మోసగత్తెవు. పన్ను అంటే ధర అని ఇందులో అంతరార్థం. కాని ధర అనేది ఇద్దరి మధ్య సంగతి. కొట్లో పప్పు కొంటాను. నచ్చకపోతే ఇంకో కొట్టుకు పోతాను. పక్కింటివాడు పప్పు కొన్నాడా, పస్తున్నాడా అనేది ఆ బేరంలో లెక్కకు రాదు. మురుగు కాలువ అట్లాంటి వస్తువు కాదు. నా ఇంటి ముందు కాలువ అద్దంలాగా ఉన్నా, దిగువ వీధిలో పూడిపోతే నీళ్ళు వెనక్కు తన్ని నా గడపలోకే వస్తాయి. డెంగీ దోమ రసీదు చూసి కుట్టదు. వీధి దీపం పన్ను కట్టినవాడి కాళ్ళ ముందే వెలగదు. ఊరు అనేది ఎవరి వాటా వారు విడదీసి ఇంటికి పట్టుకుపోగలిగిన వస్తువు కాదు. అట్లా విడదీయటానికి వీల్లేని వాటికే మనుషులు పన్ను అనే ఏర్పాటు చేసుకున్నారు. అంటే పన్ను ధర కాదు, వాటా. ఉమ్మడి పనికి ఒక్కొక్కరు వేసుకునే చందా.

ఇది మాటల తేడా మాత్రమే అనిపించవచ్చు. కాదు. ధర అనుకుంటే దాని వెంట మూడు పర్యవసానాలు వస్తాయి. ఎక్కువ ఇచ్చినవాడికి ఎక్కువ సరుకు రావాలి. కాబట్టి డాబాల కాలనీకి రోజూ నీళ్ళు, పేటకు రెండు రోజులకొకసారి నీళ్ళు రావటం న్యాయమే అవుతుంది. ఇవ్వలేనివాడికి సరుకు ఆపెయ్యవచ్చు. కాబట్టి 60 రూపాయలు కట్టని గుడిసె ముందు చెత్త వదిలిపోవటం కూడా న్యాయమే అవుతుంది. ఇక మూడోది, సరుకు అందించేవాడు నా నౌకరు అవుతాడు. నేను ఆ రోజు ఆ పారిశుధ్య కార్మికురాలితో మాట్లాడింది ఈ మూడో వరస. ఊరందరి పని చేసే మనిషిని నా ఇంటి పనిమనిషి కింద జమకట్టాను.

ఇంకొక సంగతి దాచి ప్రయోజనం లేదు. గ్రంథాలయ పన్ను బకాయి పెట్టిన అధికారిని నేను వీధిలో ఆపి ఆ మాట అనగలనా? వేసిన ఆరు నెలలకే పెచ్చులూడిన రోడ్డుకు బిల్లు మంజూరు చేసిన ఇంజనీరును అనగలనా? వారి జీతాలూ పన్నుల నుంచే వస్తాయి. వారి దగ్గరికి పోతే "అయ్యా, దయచేసి" అని అర్జీ పెడతాం. చీపురు పట్టిన మనిషి దగ్గర మాత్రం మనం యజమానులమైపోతాం. ఆ చీపురు తరతరాలుగా ఏ కులాల చేతికి ఇచ్చామో అందరికీ తెలుసు. కనక నా మాటలో ఉన్నది పన్ను కట్టేవాడి హక్కు ఒక్కటే కాదు. మధ్యతరగతి వర్గ స్వభావం ఉన్నది, దాని కింద కులం ఉన్నది. పన్ను రసీదు ఆ రెంటికీ మర్యాదగల ముసుగు.

పోనీ లెక్కయినా సరిగ్గా చూశానా? ఆ ఏడు నేను కట్టిన ఇంటిపన్ను 3,400 రూపాయలు. రోజుకు పది రూపాయలు కూడా పడదు. ఆ సమ్మెనాటికి కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకు ఇచ్చేది నెలకు 15,000 వేతనం, 6,000 ఆరోగ్య భత్యం. సమాన పనికి సమాన వేతనం ఇవ్వండి, ఉద్యోగాలు పర్మనెంటు చెయ్యండి అని వారు అడిగారు. రోజుకు పది రూపాయలు ఇచ్చిన నేను, తెల్లవారుజామున నాలుగింటికి లేచి నా మురికి ఎత్తే మనిషిని పోషిస్తున్నాననుకున్నాను. నిజానికి ఆమెకు రావలసిన వేతనంలో కొంత రాకుండా ఆగిపోయిందంటే, ఆ మేరకు ఆమే నా ఇంటిపన్నుకు సాయం పడుతున్నది. తక్కువ పన్నుతో ఊరు నడవాలని మనం అనుకున్నప్పుడు ఆ తక్కువను ఎవరో ఒకరు తమ ఒంటి మీద భరించాలి. ఇంతకాలం వారు భరించారు. ఆ రెండు వారాలు భరించం అన్నారు.

ఇక్కడ మిత్రులు ఒక ఆక్షేపణ తీసుకురావచ్చు. "పన్ను వాటా అంటున్నావు, బాగానే ఉన్నది. మరి పాలకులు వాటా పుచ్చుకుని పని చెయ్యకపోతే నోరు మూసుకుని కడుతూ పోవాలా? ఇది పాలకులకు పనికివచ్చే సిద్ధాంతం కాదా?" అని. ఆక్షేపణ గట్టిదే. పన్ను నిరాకరించే హక్కు మనిషికి లేదని నేను అనను. ఎప్పుడు, ఎట్లా అనేదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు పేరుపడ్డ దృష్టాంతం అమెరికా రచయిత థోరోది. బానిసత్వాన్నీ మెక్సికో మీద యుద్ధాన్నీ సమర్థించే ప్రభుత్వానికి తల పన్ను కట్టనని 1846లో ఆయన ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. ఇది అందరూ చెప్పేదే. అదే వ్యాసంలో ఆయన చెప్పిన ఇంకో సంగతిని ఎక్కువమంది పట్టించుకోరు. రోడ్ల పన్ను మాత్రం తాను ఎన్నడూ ఎగవేయలేదన్నాడు. రాజ్యానికి చెడ్డ ప్రజ కావటానికి ఎంత సిద్ధమో, ఇరుగుపొరుగుకు మంచివాడు కావటానికి అంత సిద్ధం ఆయన. పన్నుల్లో రెండు రకాలున్నాయని ఆయన గుర్తించాడు: ఏలికకు కట్టేది ఒకటి, పొరుగువాడితో కలిసి వేసుకునేది ఒకటి. మొదటిది ఎగవేస్తే ధిక్కారం. రెండోది ఎగవేస్తే పొరుగువాడికి ద్రోహం. చిక్కేమిటంటే మన ఇంటిపన్నులో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. నడిచేది పొరుగువారి కోసం, నిర్ణయించేది ఏలికలు.

థోరోను చదివిన గాంధీ 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చాడు. అక్కడ కూడా గొడవ పురపాలక పన్ను గొడవే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000కు పెరిగేట్టయింది. నేత పనివారు, చిన్న రైతులు ఉన్న ఊరు. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు, ప్రభుత్వం వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం ఒక అసాధారణమైన పని చేశారు. పన్ను కట్టకుండా ఇళ్ళల్లో కూర్చోలేదు. ఇళ్ళే విడిచి మునిసిపల్ హద్దుకు అవతల రామనగర్ అనే పేరుతో పాకలు వేసుకుని వెళ్ళిపోయారు. ఎండకు ఎండి, వానకు తడిసి 11 నెలలు అక్కడే బతికారు. తగవులు తీర్చటానికి తమ పంచాయతీ తామే పెట్టుకున్నారు. రామదండు వాలంటీర్లు కట్టుబాటు చూసుకున్నారు. గోపాలకృష్ణయ్యను ప్రభుత్వం ఏడాదిపాటు జైల్లో పెట్టింది. చివరికి జనం తిరిగి ఇళ్ళకు రావలసి వచ్చింది. ఆ కష్టంలో పెద్దపాలు పడింది పేదవారే అనే సంగతి కూడా మరిచిపోకూడదు.

అయినా చీరాల మనకు ఒక గీటురాయి ఇచ్చింది. వారు పన్ను నిరాకరించారు గాని వాటా నిరాకరించలేదు. ఉమ్మడి పనుల భారం ఏలిక నుంచి తీసుకుని తమ నెత్తిన పెట్టుకున్నారు. వారి నిరాకరణ దెబ్బ తగిలింది పై అధికారానికి. ఊరు ఊడ్చే మనిషికి కాదు. ఒక్కొక్కరు చాటుగా ఎగవేయలేదు. అందరూ కలిసి, పగటిపూట, పేరు చెప్పి నిరాకరించారు. పన్ను కట్టననే ప్రతివాణ్ణీ ఈ మూడు ప్రశ్నలూ అడగాలి: భారం నువ్వు ఎత్తుకుంటావా? దెబ్బ ఎవరికి తగులుతుంది? నలుగురితో కలిసి నిలబడ్డావా, నీ బకాయి నువ్వు దాచుకుంటున్నావా?

ఈ గీటురాయికి నిలవని తిరుగుబాటు కూడా చరిత్రలో ఉన్నది. 1978 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదన అనే దాన్ని పెద్ద మెజారిటీతో నెగ్గించారు. ఆస్తిపన్ను విలువలో నూటికి ఒకటికి మించకూడదు. విలువను 1975 నాటి మట్టానికి వెనక్కు తియ్యాలి. ఆస్తి చేతులు మారేదాకా ఆ విలువను ఏడాదికి నూటికి రెండుకు మించి పెంచకూడదు. ఇల్లు పోతుందని భయపడిన ముసలివాళ్ళ కోపం దానికి బలం ఇచ్చింది. ఆ కోపం నిజమైనదే. కాని ఫలితం ఏమిటి? ముసలివాళ్ళ ఇళ్ళతోపాటు పెద్ద కంపెనీల స్థలాలకూ అదే రాయితీ దక్కింది. కంపెనీ చావదు, దాని స్థలం తరచుగా చేతులు మారదు. కాబట్టి దాని రాయితీ ఏళ్ళ తరబడి పెరుగుతూనే పోయింది. ఊళ్ళకు రాబడి పడిపోయింది. గ్రంథాలయాలు వేళలు కుదించుకున్నాయి. పన్ను పోయిన చోట రకరకాల రుసుములు మొలిచాయి. పాఠశాలల డబ్బు మీద అధికారం ఊళ్ళ నుంచి రాష్ట్ర రాజధానికి పోయింది. పన్ను కట్టేవాడు కోపంతో పన్నును కొట్టాడు. ఆ దెబ్బకు తన ఊరు తన చేతిలోంచి జారిపోయింది.

ఇప్పుడు మన ఊళ్ళకు తిరిగివద్దాం. మన ఊరు మన చేతిలో ఎంత ఉన్నది? 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్వపరిపాలనకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. 18 పనులు పన్నెండో షెడ్యూలులో రాసిపెట్టింది. పనులు రాసినంత ధారాళంగా డబ్బు రాయలేదు. 2017లో వస్తు సేవల పన్ను వచ్చి ప్రకటనల పన్నులాంటి స్థానిక రాబడులను మింగేసింది. వృత్తి పన్నుకు ఏడాదికి 2,500 రూపాయల హద్దు 1988 నుంచి రాజ్యాంగంలోనే ఉన్నది; అంటే ఒక మామూలు గుమాస్తా కట్టేదాని కన్నా కోటీశ్వరుడు కట్టేది పెద్దగా ఎక్కువ కాదు. కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద పురపాలక పన్ను వేయటానికి 285వ అధికరణం అడ్డు. ఇక మిగిలింది ఇంటిపన్ను. అన్ని భారాలూ దాని మీదికే వచ్చి పడతాయి.

ఆ ఇంటిపన్ను మార్పు కూడా ఊరు చేసిన నిర్ణయం కాదు. 2020లో, కరోనా కాలంలో, రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని సంస్కరణలు చెయ్యాలని కేంద్రం షరతు పెట్టింది. ఆస్తి విలువకు ముడిపెట్టి ఇంటిపన్ను, ఖర్చుకు ముడిపెట్టి నీటికీ మురుగుకూ రుసుములు నిర్ణయించటం వాటిలో ఒకటి. ఆ షరతు నెరవేర్చినందుకు 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. పన్ను మారిన 2020 నవంబరులో మన పట్టణాల్లో ఎన్నికైన మండళ్ళు లేవు. ప్రత్యేకాధికారుల పాలన నడుస్తున్నది. పురపాలక ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. విశాఖపట్నానికైతే 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకమండలే లేదు. మన మీద పన్ను ఎంత అనేది, అప్పిచ్చేవాడికీ అప్పు పుచ్చుకునేవాడికీ మధ్య తేలిపోయింది. మన వార్డు మనిషిని అడిగిన నాథుడు లేడు.

కోపం పోవలసిన చోటు ఇది. కాని ఇక్కడికి పోవాలంటే దూరం ఎక్కువ. చీపురు పట్టిన మనిషి దగ్గర. దగ్గర ఉన్నవారి మీద కోపం చూపించుకోవటం బలహీనుడి అలవాటు. ఆ అలవాటు పాలకులకు బాగా పనికివస్తుంది. పన్ను కట్టేవాడూ పని చేసేవాడూ వీధిలో వాదులాడుకుంటున్నంతసేపు, లెక్క అడిగేవారు ఉండరు.

మన పక్షం వారి తప్పు కూడా ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. చెత్త పన్ను రద్దు చెయ్యాలని మనం ఊరేగింపులు తీశాం. 2024 చివరలో అది రద్దయింది. సంతోషించాం. చెత్త మాత్రం రద్దు కాలేదు. దాన్ని ఎత్తే మనిషి వేతనం ఎక్కడినుంచి రావాలి అనే ప్రశ్నను మనం ఊరేగింపులో నడిచినంత ఉత్సాహంగా చర్చించలేదు. "అన్ని పన్నులూ తగ్గించండి, అందరి వేతనాలూ పెంచండి" అనటం సులువు. అది సగం రాజకీయమే. ఎవరి దగ్గర తియ్యాలో కూడా చెప్పినప్పుడు గదా అది పూర్తి రాజకీయం అయ్యేది.

చెప్పటం అంత కష్టమా? ఊరి డబ్బుతో రోడ్డు పడుతుంది. ఆ రోడ్డు పక్క ఖాళీ స్థలం విలువ రెండింతలవుతుంది. స్థలం సొంతదారు చెమటోడ్చింది లేదు, ఇటుక పేర్చింది లేదు. ఆ పెరిగిన విలువ పుట్టింది ఊరి శ్రమలో. దాన్ని ఊరికి తిరిగి తీసుకోమని మనం గట్టిగా అడిగామా? ఏడాదికి నూటికి 15 హద్దు పెట్టినందుకు కొందరం ఊపిరి పీల్చుకున్నాం. ఎవరి ఆస్తి విలువ అన్నిటికన్నా ఎక్కువ పెరిగిందో, ఎవరు హఠాత్తుగా నాలుగింతలు కట్టవలసి వచ్చేదో, వారికే ఆ హద్దు అందరికన్నా ఎక్కువ లాభం అనే సంగతి గమనించామా? ఒక్క గది ఇంట్లో ఉండే విధవరాలికీ, నాలుగు అంతస్తుల వ్యాపార భవనానికీ ఒకే రకం దయ చూపటం దయ కాదు. భారాన్ని మోయగలిగినవాడి మీదికి జరపమని అడగకుండా, భారమే వద్దనటం చివరికి మోయలేనివాడి మీదనే పడుతుంది. కాలిఫోర్నియా చెప్పిన పాఠం ఇదే.

కాబట్టి పన్ను కట్టేవాడి హక్కు ఏమిటి? ధర ఇచ్చినవాడికి సరుకు అడిగే హక్కు ఉంటుంది. సరుకు ముట్టిందా, అతని పని అయిపోయింది. వాటా ఇచ్చినవాడి హక్కు అంతకన్నా పెద్దది, అంతకన్నా శ్రమతో కూడింది. అతను లెక్క అడగవచ్చు, అడగాలి. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది, ఎవరు బకాయి, ఎవరిని ఎందుకు వదిలేశారు అని అడగాలి. తన వీధి సంగతే గాక దిగువ వీధి సంగతీ అడగాలి. ఆ హక్కు ఇంటి యజమానికి ఎంత ఉన్నదో, అద్దెలో పన్ను కట్టే మనిషికీ అంతే ఉన్నది. రసీదు మీద పేరు లేనంతమాత్రాన ఆమె వాటా లేకుండా పోదు. శ్రమ వాటా కూడా కలిపితే ఆమెది నా వాటాకన్నా పెద్దదే.

సమ్మె ముగిసిన తర్వాత రెండో రోజున ఆమె మళ్ళీ మా వీధిలోకి వచ్చింది. చెత్త అంతా ఒక్కపూటలో ఎత్తలేకపోయారు. మూడు రోజులు పట్టింది. నేను గేటు దగ్గర నిలబడి, ఆ రోజు అట్లా అనకుండా ఉండవలసింది అన్నాను. "పోనీండి మాస్టారూ, కంపుకు ఎవరికైనా కోపమొస్తది" అని తన పని తాను చూసుకున్నది. నా తప్పు అంత తేలిగ్గా మాఫీ కావటం నాకు ఇష్టం లేకపోయింది.

తరువాతి నెలలో మా వీధి వారం కొందరం కలిసి ఒక అర్జీ రాశాం. మా పట్టణంలో గత అయిదేళ్ళలో వసూలైన గ్రంథాలయ పన్ను ఎంత, అందులో గ్రంథాలయ సంస్థకు జమ చేసింది ఎంత, ఏడాదివారీ చెప్పమని అడిగాం. సంతకాల కాగితం పట్టుకుని ఆమె ఉండే పేటకు కూడా వెళ్ళాను. ఇంటి యజమానులు పద్దెనిమిదిమంది సంతకం చేస్తే, అద్దెకున్నవారు నలభై ఇద్దరు చేశారు. ఆమె తన పేరు తాను రాసింది. ఆమె కొడుకు అర్జీ మొత్తం చదివి, "అయిదేళ్ళు కాదండీ, పదేళ్ళది అడగండి" అన్నాడు. కొట్టివేసి పదేళ్ళు అని రాశాం.

జవాబు ఇంకా రాలేదు. ఈ మార్చిలో ఇంటిపన్ను కట్టాను. గ్రంథాలయ పన్ను అంకె కింద పెన్సిలుతో గీత గీసి రసీదు దాచి ఉంచాను. మళ్ళీ అర్జీ పెట్టేటప్పుడు దాన్ని జతపరచాలి.